హైవే మీద ఎలక్ట్రిక్ కారుకి ఛార్జింగ్: వనస్థలిపురం నుంచి మంగళగిరి దాకా

నేను మంగళగిరి చీరలు తెచ్చి హైదరాబాద్‌లో అమ్ముతాను. మా ఇల్లు వనస్థలిపురంలో. ఇక్కణ్ణించి మంగళగిరికి 270 కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇదివరకు డీజిల్ కారులో తిరిగేదాన్ని, ఇప్పుడు నెక్సాన్ ఎలక్ట్రిక్, 40.5 యూనిట్ల బ్యాటరీది. ఈమధ్య మా గన్నవరం బాబాయి కూడా ఎలక్ట్రిక్ కారు తీసుకున్నారు. అప్పట్నుంచి "అమ్మాయ్, మెషిన్ ముందు నిలబడ్డాను, ఇప్పుడేం నొక్కాలి?" అని ఫోన్లు. "ముందు మెషిన్ సంగతి వదిలేయండి బాబాయ్, మీ కారు మూత తీసి చూడండి" అంటే ఆయనకి విసుగు. ఫోన్లో ఆయనకి ముక్కలు ముక్కలుగా చెప్పిందంతా ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. నాకు ఇంజనీరింగ్ తెలియదు. లెక్క తెలుసు, ఆ దారి తెలుసు.

గన్, అంటే ఛార్జింగ్ వైరు చివర కారుకి తగిలించే పిడి, పెట్టడం, తీయడం ఒకసారి ఎవరైనా చేస్తుంటే చూస్తే వచ్చేస్తుంది. అసలు పని ఇంట్లో, బయల్దేరకముందు ఉంటుంది. నేను పాటించే నియమం ఒకటే: మొదటి స్టేషన్ పనిచేయకపోయినా రెండోదానికి చేరేంత ఛార్జ్ ఉండగానే మొదటిదాని దగ్గర ఆగాలి. పెట్రోలు ముల్లు ఎర్రగీత మీదికి వచ్చాక బంకు వెతుక్కునే అలవాటు మనందరిదీ. దాన్ని ఈ కారు ఎక్కేముందు మానుకోవాలి. బంకులో ఒక పంపు పాడైతే పక్కది ఉంటుంది. ఛార్జింగ్ స్టేషన్‌లో చాలాచోట్ల ఉండేదే ఒక మెషిన్.

కారు మూత కింద ఏముంది

ఇప్పుడు మన దగ్గర అమ్ముతున్న కార్లలో దాదాపు అన్నిటికీ సీసీఎస్‌2 అనే సాకెట్ ఉంటుంది. మూత తీస్తే పైన గుండ్రంగా ఏడు చిన్న రంధ్రాలు, కింద రెండు పెద్ద రంధ్రాలు. పై భాగం ఒక్కటే వాడితే అది ఏసీ, అంటే ఇంటికి వచ్చే మామూలు కరెంటుతో నెమ్మది ఛార్జింగ్. ఆ గన్ను టైప్‌2 అంటారు. పైదీ కిందదీ కలిపి పట్టే పెద్ద గన్ను డీసీ, అంటే నేరుగా బ్యాటరీకి పట్టే రకం కరెంటుతో ఫాస్ట్ ఛార్జింగ్. కింది రెండు రంధ్రాలకి చాలా కార్లలో విడిగా ఒక చిన్న రబ్బరు మూత ఉంటుంది. దాన్ని తీయకుండా డీసీ గన్ను గుచ్చుతూ, మెషిన్ని తిట్టేవాళ్ళని హైవే మీద చూస్తుంటాను.

పాత స్టేషన్లలో, ముఖ్యంగా ప్రభుత్వ ఆఫీసుల ఆవరణల్లో మొదట్లో పెట్టినవాటిలో, వేరే రకాలు కనిపిస్తాయి. భారత్ డీసీ-001 అని ఒకటి, 15 కిలోవాట్లది. దాని గన్ను ఆకారమే వేరు, మన కార్లకి పట్టదు. భారత్ ఏసీ-001 అని ఇంకొకటి, ఫ్యాక్టరీల్లో ఉండే లాంటి గుండ్రటి మూడు పిన్నుల సాకెట్, ఒక్కో పాయింటుకి 3.3 కిలోవాట్లు. దానికి సరిపడే ప్లగ్గు మన దగ్గర ఉండాలి, ఓపిక కూడా ఉండాలి. మ్యాప్‌లో స్టేషన్ గుర్తు కనపడగానే సంబరపడకుండా, దాన్ని నొక్కి "సీసీఎస్‌2" అని రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే అది మీ లెక్కలో లేనట్టే.

సాకెట్ కారుకి ఎటువైపు ఉందో కూడా గుర్తుంచుకోవాలి. నెక్సాన్‌కి వెనక పక్కన, పెట్రోలు మూత ఉండేచోట. క్రెటా ఎలక్ట్రిక్‌కి, ఎంజీ జెడ్‌ఎస్‌కి ముందు భాగంలో. గన్ను వైరు బరువుగా ఉంటుంది, పొడవేమో తక్కువ. అందుకని నేను రివర్స్‌లో పెడతాను, క్రెటా వాళ్ళు ముక్కు లోపలికి పెట్టాలి. ఇది తెలియకుండా కారు ఆపేసి, గన్ను చేతిలో పట్టుకుని "అందట్లేదే" అనుకుంటూ మళ్ళీ కారెక్కి తిప్పుకోవడం ఎండలో హాయిగా ఉండదు.

కిలోవాట్లు, యూనిట్లు

బ్యాటరీ సైజు కిలోవాట్ అవర్లలో చెప్తారు. అది మన కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. 40.5 కిలోవాట్ అవర్లంటే నలభైన్నర యూనిట్లు పట్టే బ్యాటరీ. మెషిన్ మీద రాసే కిలోవాట్లు వేగం. 30 కిలోవాట్ల మెషిన్ గంటసేపు పూర్తి వేగంతో ఇస్తే 30 యూనిట్లు వస్తాయి. మిగతాదంతా ఈ చిన్న లెక్కలోంచే పుడుతుంది.

ఏసీ ఛార్జింగ్‌లో కరెంటుని డీసీగా మార్చే పని కారు లోపలి ఛార్జర్ చేస్తుంది. అది ఒక్కో కారులో 3.3 కిలోవాట్లు, 7.2 కిలోవాట్లు ఇలా ఉంటుంది. బయట 22 కిలోవాట్ల ఏసీ మెషిన్ ఉన్నా మీ కారు తనకి చేతనైనంతే తీసుకుంటుంది. డీసీలో మార్చే పని ఆ బీరువా అంత మెషిన్ చేసి, నేరుగా బ్యాటరీకి పంపిస్తుంది. అక్కడ కూడా ఎంత కావాలో అడిగేది కారే. నా కారుని 10 నుంచి 80 శాతానికి ఎక్కించడానికి 56 నిమిషాలని కంపెనీ లెక్క. అంటే సగటున గంటకి 30 యూనిట్లు. 120 కిలోవాట్ల మెషిన్‌కి తగిలించినా నాకు వచ్చేది ఆ దరిదాపుల్లోనే. అందుకని పెద్ద మెషిన్ ఖాళీగా ఉన్నా, పక్కన 60ది ఉంటే నేను దానికే పెడతాను. మహీంద్రా బీఈ 6 లాంటి బండి వెనక వస్తే, ఆ పెద్దది దానికి నిజంగా పనికొస్తుంది.

ఇంకో మెలిక. ఒకే మెషిన్‌కి రెండు గన్లు ఉంటాయి. పైన 60 అని రాసి ఉన్నా, రెండు కార్లు తగిలిస్తే చాలా మెషిన్లలో చెరి 30 అయిపోతుంది. మీరు పెట్టినప్పుడు బాగా వస్తున్న వేగం మధ్యలో సగానికి పడిపోతే, కంగారుపడేముందు అవతల పక్క ఎవరైనా గన్ను తగిలించారేమో తొంగి చూడండి.

యాప్‌లు ఇంట్లోనే

ఈ ఒక్క విషయంలో నాకు ప్రపంచం మీద కోపం. పెట్రోలు ఏ బంకులోనైనా డబ్బిచ్చి పోయించుకుంటాం. ఇక్కడ ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్. టాటా పవర్, స్టాటిక్, జియో-బీపీ, జియాన్, ఛార్జ్ జోన్, ఆయిల్ కంపెనీలవి వేరే. కొన్ని యాప్‌లు పక్క కంపెనీల మెషిన్లని కూడా చూపించి మొదలుపెట్టనిస్తాయి, కానీ అన్నీ కాదు.

మీ దారిలో ఏ కంపెనీల మెషిన్లు ఉన్నాయో చూసుకుని, ఆ యాప్‌లన్నీ ఇంట్లో వైఫై మీద వేసుకోండి. ఓటీపీ, కారు మోడల్ నమోదు, అన్నీ అక్కడే అయిపోవాలి. ప్రతి వాలెట్‌లో కొంచెం డబ్బు వేసి ఉంచండి. కొన్ని కంపెనీలు ఇంత బ్యాలెన్స్ ఉంటే గానీ మొదలుపెట్టనివ్వవు. హైవే మీద సిగ్నల్ ఒక గీత ఉన్నచోట నిలబడి ఓటీపీ కోసం ఎదురుచూడటం కన్నా టెన్షన్ ఇంకోటి లేదు. కొన్ని కంపెనీలు గీకే కార్డు కూడా ఇస్తాయి. సిగ్నల్ సరిగా లేనిచోట అది బాగా పనికొస్తుంది, ఇస్తామంటే తీసుకోండి.

వీటితో పాటు ప్లగ్‌షేర్ అనే యాప్ ఒకటి పెట్టుకోండి. దానితో డబ్బు కట్టడానికి కాదు, అక్కడ ముందు ఛార్జ్ చేసుకున్నవాళ్ళు రాసిన మాటలు చదవడానికి. "రెండో గన్ను పనిచేయట్లేదు", "రాత్రి గేటు వేసేస్తున్నారు", "హోటల్ వాళ్ళు పెట్రోలు కార్లు పెట్టిస్తున్నారు" లాంటివి కంపెనీ యాప్ ఎప్పుడూ చెప్పదు. చివరిసారి ఎవరు ఎప్పుడు ఛార్జ్ చేసుకున్నారో చూడండి. నిన్నో మొన్నో అయితే ధైర్యంగా వెళ్ళొచ్చు. నెలల కిందటి మాటే ఆఖరుదైతే దాన్ని నమ్ముకోకండి.

బయల్దేరేముందు నేను చేసే ఇంకో పని, ఆ స్టేషన్ ఉన్న హోటల్‌కో బంకుకో ఫోన్ చేయడం. "అన్నా, మీ దగ్గర కార్ ఛార్జింగ్ మెషిన్ నడుస్తోందా? కరెంటు ఉందా?" అని అడిగితే చాలు. కస్టమర్ కేర్‌లో వాళ్ళకి తెలిసేదానికంటే వాచ్‌మన్‌కి తెలిసేది ఎక్కువ.

ఎక్కడ ఆగాలి

కేంద్ర ప్రభుత్వ 2022 మార్గదర్శకాల్లో హైవేల మీద రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకి ఒక స్టేషన్ ఉండాలని ఉండేది. కాగితం మీది ఆ లెక్కని నమ్మి నేను బండి తీయను. విజయవాడ హైవే 65 మీద మాత్రం మిగతా దారులతో పోలిస్తే పరిస్థితి నయం. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ, ఇలా టిఫిన్‌కి ఆగే ఊళ్ళన్నిటి దగ్గరా ఏదో ఒకటి దొరుకుతుంది.

నా లెక్క ఇలా ఉంటుంది. గంటకి 90 దాటకుండా, ఏసీ వేసుకుని పోతే యూనిట్‌కి ఏడు కిలోమీటర్లకి కొంచెం అటూ ఇటూ ఇస్తుంది. ఇంట్లో నూరు శాతం నింపి బయల్దేరితే సూర్యాపేట దగ్గరికి వచ్చేసరికి 50, 55 శాతం మిగులుతుంది. అక్కడే ఆగుతాను. ఇంకా సగం ఉందిగా, కోదాడ దాకా లాగొచ్చుగా అని మా బాబాయి అంటారు. లాగొచ్చు. కానీ సూర్యాపేటలో మెషిన్ మొండికేస్తే నా దగ్గర కోదాడకి, అవసరమైతే నందిగామకి కూడా సరిపడా ఉంది. 35 శాతం దరిదాపుల్లో కోదాడ చేరి, అక్కడ మెషిన్ మొండికేస్తే నాకు మిగిలేది నందిగామ ఒక్కటే. సూర్యాపేటలో అరగంట ఆగితే 85 దాకా వస్తుంది. మంగళగిరిలో దిగేటప్పటికి ఇంకా 30 మిగిలి ఉంటుంది.

డివైడర్ సంగతి మర్చిపోవద్దు. మ్యాప్‌లో స్టేషన్ మీ రోడ్డు మీదే కనిపిస్తుంది, తీరా చూస్తే అవతలి వైపు. యూటర్న్ కోసం చాలా దూరం పోయి రావాల్సి వస్తుంది. విజయవాడ వెళ్ళేటప్పుడు ఒక స్టేషన్, వచ్చేటప్పుడు ఇంకొకటి, ఎడమ చేతి పక్కన ఉన్నవే ముందుగా గుర్తు పెట్టుకోండి.

ఛార్జ్‌ని తినేది ముఖ్యంగా వేగం. డిక్కీ నిండా చీరల మూటలు వేసుకుని 80లో వచ్చినప్పుడు, ఖాళీ కారుతో 110లో పోయినప్పటికంటే నాకు ఎక్కువ మిగులుతుంది. ఎదురుగాలి, జోరువాన కూడా తింటాయి. కొండదారి సంగతి వేరే. శ్రీశైలం వెళ్ళేవాళ్ళు మన్ననూరు చెక్‌పోస్ట్ దాటి అడవిలోకి వెళ్ళకముందే నింపుకోండి. లోపల ఘాట్ ఎక్కేటప్పుడు శాతం చకచకా పడిపోతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి వస్తుంది గానీ, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. రాత్రి అడవి గేటు మూసేస్తారని కూడా గుర్తుంచుకోండి.

సంక్రాంతి ముందు రెండు మూడు రోజులు మాత్రం ఈ లెక్కలేవీ పనిచేయవు. పంతంగి టోల్‌గేట్ దగ్గర ఎంత క్యూ ఉంటుందో ప్రతి ఏడూ టీవీలో చూపిస్తారు. ఛార్జింగ్ మెషిన్ల దగ్గర క్యూని టీవీలో చూపించరు, అంతే తేడా. ఆ రోజుల్లో నేను అర్ధరాత్రి దాటాక బయల్దేరతాను, లేదంటే పండగ సరుకు ముందే తెచ్చేసుకుంటాను.

మెషిన్ ముందు నిలబడ్డాక

కారు సరైన దిక్కుకి పెట్టి, పార్కింగ్‌లో వేసి, పూర్తిగా ఆఫ్ చేయండి. ముందు మెషిన్ చుట్టూ ఒకసారి చూడండి. స్క్రీన్ వెలుగుతోందా? ఎర్రగా ఏదైనా తప్పు చూపిస్తోందా? వైరు ఎక్కడైనా చీలిందా? గన్ను పిన్నులు నల్లగా కాలినట్టున్నాయా? కాలిన వాసన గానీ, కరిగిన ప్లాస్టిక్ గానీ ఉంటే ఆ గన్ను ముట్టుకోకండి.

గన్ను తీసి, రెండు మూతలూ తెరిచి, తిన్నగా గట్టిగా లోపలికి నెట్టండి. చాలా మెషిన్లకి ముందు గన్ను పెట్టాలి, తర్వాత యాప్. యాప్ తెరిచి, అందులోంచే మెషిన్ మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి. ఫోన్ కెమెరాతో ఊరికే స్కాన్ చేస్తే కొన్నిసార్లు ఎక్కడికో తీసుకుపోతుంది. రెండు గన్లకీ వేరే వేరే కోడ్‌లు ఉంటాయి, ఏ, బీ అనో 1, 2 అనో. మీ చేతిలో ఉన్న గన్ను ఏదో దాన్నే ఎంచుకోండి. తర్వాత ఎన్ని రూపాయలకి, లేదా ఎన్ని యూనిట్లకి, లేదా ఎంత శాతం దాకా అని అడుగుతుంది. నేను శాతం అడిగితే 85 పెడతాను. రూపాయలు అడిగితే కొంచెం ఎక్కువే పెడతాను, వాడని డబ్బు వాలెట్‌కి తిరిగి వస్తుంది.

మొదలుపెట్టు అని నొక్కాక అర నిమిషం, ఒక నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఈ లోపల కారూ మెషినూ మాట్లాడుకుంటున్నాయి. కారు గన్నుని లాక్ చేస్తుంది, మెషిన్ ఎక్కడా కరెంటు లీకవ్వట్లేదని పరీక్ష చేసుకుంటుంది. టక్ టక్ అని చప్పుళ్ళు వస్తాయి. బాబాయి లాంటివాళ్ళు సరిగ్గా అప్పుడే గన్ను కదిపి చూస్తారు, మొత్తం మళ్ళీ మొదటికి వస్తుంది. చేతులు కట్టుకుని నిలబడండి. స్క్రీన్ మీద ఓల్టులు, ఆంపియర్లు, కిలోవాట్లు, శాతం వచ్చి, యూనిట్ల అంకె కదలడం మొదలైతే పని అయినట్టు. అప్పుడు ఆ స్క్రీన్‌ని ఒక ఫోటో తీసుకోండి. తర్వాత డబ్బు దగ్గర పేచీ వస్తే అదే సాక్ష్యం.

టీకి వెళ్ళే ముందు రెండు నిమిషాలు ఆగి చూడండి. మొదలై వెంటనే ఆగిపోయే మెషిన్లు ఉంటాయి. తిరిగొచ్చేసరికి అరగంట పోయి, శాతం అక్కడే ఉంటే ఆ టీ చాలా చేదుగా ఉంటుంది.

వానలో పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. పెట్టొచ్చు. గన్ను పూర్తిగా కూర్చుని, పరీక్షలన్నీ అయ్యాకే కరెంటు వదులుతుంది. అయితే గన్ను లోపల నీళ్ళు నిలిచి ఉన్నా, మెషిన్ కింద మోకాలి లోతు నీళ్ళున్నా వద్దు. పైకప్పు లేని స్టేషన్‌లో గన్ను కింద పడేసి పోయేవాళ్ళ వల్లే లోపలికి నీళ్ళు, ఇసుక చేరతాయి.

మొదలవకపోతే

మొదట అనుమానించాల్సింది గన్ను బరువుని. వైరు కిందికి లాగుతుంటే పై పిన్నులు సరిగ్గా తగలవు. గన్ను తీసి మళ్ళీ పెట్టి, కింద నుంచి అరచేత్తో కాస్త పైకెత్తి పట్టుకుని, ఇంకో చేత్తో యాప్‌లో మొదలుపెట్టండి. కరెంటు పారడం మొదలయ్యాక వదిలేయొచ్చు. సగం సార్లు ఇంతటితో అయిపోతుంది.

కాకపోతే కారుని ఒకసారి లాక్ చేసి, తీసి, మళ్ళీ ప్రయత్నించండి. కొన్ని కార్లలో ఛార్జింగ్‌కి టైమ్ పెట్టుకునే సదుపాయం ఉంటుంది. ఇంట్లో రాత్రి పదకొండుకి మొదలవ్వాలని పెట్టుకుని ఉంటే, హైవే మీద పగలు మొదలవ్వనంటుంది. దాన్ని తీసేయండి. తర్వాత రెండో గన్ను. మెషిన్ మీది ఎర్ర ఎమర్జెన్సీ బటన్ ఎవరో నొక్కి వదిలేశారేమో చూడండి. పిల్లలకి అది కనపడితే నొక్కకుండా ఉండలేరు. నొక్కి ఉంటే అక్కడి మనిషిని పిలిచి, మెషిన్ బాగానే ఉందని తెలుసుకున్నాక తిప్పితే పైకి లేస్తుంది.

ఇవేవీ కాకపోతే మెషిన్ మీది కస్టమర్ కేర్ నంబర్‌కి ఫోన్ చేయండి. వాళ్ళు దూరం నుంచే మెషిన్ని ఆపి మళ్ళీ వేయగలరు, సెషన్ మొదలుపెట్టగలరు. మెషిన్ మీది ఐడీ నంబర్ చెప్తే పని త్వరగా అవుతుంది. లైన్ దొరకడానికి పట్టే టైమ్ మాత్రం మీ అదృష్టం. నేనైతే దీనంతటికీ కలిపి పావుగంట కంటే ఎక్కువ ఇవ్వను. బ్యాటరీలో రెండో స్టేషన్‌కి సరిపడా ఉంది కాబట్టి బండి తీసేస్తాను.

కరెంటు పోవడం అనే మామూలు కారణాన్ని కూడా మర్చిపోకండి. హోటల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, మెషిన్ ఎందుకు చచ్చింది అనుకుంటాం. ఫ్యాన్లు జనరేటర్ మీద తిరుగుతుంటాయి, మెషిన్‌ని దానికి కలపరు. ఎండాకాలం గాలిదుమారం వచ్చిన సాయంత్రాలు ఇది ఎక్కువ.

ఒకచోట ఛార్జింగ్ మొదలవకుండానే నా వాలెట్‌లో డబ్బులు తెగిపోయాయి. కంపెనీ పేరు ఎందుకు గానీ, ఎక్కడైనా జరగొచ్చు. స్క్రీన్ ఫోటో, యాప్‌లో సెషన్ నంబర్ జతచేసి మెయిల్ పెడితే కొన్నాళ్ళకి తిరిగి వేశారు. ఫోటో లేకుండా ఫోన్లో ఎంత అరిచినా అయ్యేది కాదు.

80 దాటాక

బ్యాటరీ నిండుతున్నకొద్దీ కారే వేగం తగ్గించుకుంటుంది. 80 దాటాక బాగా తగ్గి, 95 దగ్గర చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఆ చివరి 20 శాతానికి పట్టే టైమ్‌లో అవతలివాళ్ళు సగం బ్యాటరీ నింపుకుని వెళ్ళిపోగలరు. తర్వాతి మజిలీకి నిజంగా కావాలంటే తప్ప డీసీ మెషిన్ దగ్గర నూరు దాకా కూర్చోవడం డబ్బు దండగ, పక్కవాళ్ళకి ఇబ్బంది. ఛార్జింగ్ అయ్యాక కూడా కారు తీయకపోతే నిమిషానికి ఇంతని వేసే కంపెనీలు ఉన్నాయి, నా ఓటు వాళ్ళకే.

మే నెల మధ్యాహ్నం, 100లో తోలి తెచ్చిన వెంటనే గన్ను పెడితే 80 రాకముందే వేగం తగ్గొచ్చు. బ్యాటరీ వేడెక్కి ఉంటుంది, చల్లబరుచుకుంటూ తక్కువ తీసుకుంటుంది. కారు ముందు భాగంలో ఫ్యాన్ విమానంలా అరుస్తుంది. అది రోగం కాదు. ఎండాకాలం నేను తెల్లవారుజామున బయల్దేరేది ఇందుకే.

భోజనానికి వెళ్తుంటే అద్దం దగ్గర ఒక చీటీ మీద ఫోన్ నంబర్ రాసి పెట్టండి. వేరేవాళ్ళు ఛార్జ్ చేసుకుంటుండగా ఆపే ప్రయత్నం మాత్రం చేయకండి, వాళ్ళ కారులో ఎంత ఉన్నా సరే. పెట్రోలు కారు అడ్డంగా పెట్టి ఉంటే, దాని ఓనర్‌తో గొడవకి దిగేకంటే హోటల్ వాచ్‌మన్‌ని మంచి చేసుకోవడం మేలు. సూర్యాపేట దగ్గర నేనాగే చోట వాచ్‌మన్ నా కారుని చూడగానే అక్కడ అడ్డంగా పెట్టిన కోన్ తీసి పక్కన పెడతాడు. దానికి నేను పెట్టే ఖర్చు ఒక టీ.

ఆపేటప్పుడు యాప్‌లోనో మెషిన్ మీదో ఆపండి. కిలోవాట్లు సున్నాకి వచ్చేదాకా ఆగి, కారు లాక్ తీసి, గన్ను తిన్నగా లాగండి. రాకపోతే గుంజకండి. కారుని లాక్ చేసి మళ్ళీ తీయండి, ఒక నిమిషం ఆగండి. అప్పటికీ రాకపోతే చాలా కార్లలో చేత్తో విడిపించే ఏర్పాటు ఒకటి ఉంటుంది, ఎక్కడో మీ కారు పుస్తకంలో చూసి ముందే తెలుసుకోండి. గన్ను దాని స్టాండ్‌లో పెట్టి, వైరు చుట్టి, రెండు మూతలూ మూసి కదలండి.

డబ్బు లెక్క

నేను తిరిగే దారిలో డీసీ యూనిట్ సుమారు 18 నుంచి 25 రూపాయల మధ్య పడుతుంది. దీనిమీద జీఎస్టీ 18 శాతం. కొన్ని యాప్‌లు దాన్ని కలిపి చూపిస్తాయి, కొన్ని చివర్లో కలుపుతాయి. రేటు పోల్చేటప్పుడు అది చూసుకోండి. మెషిన్ లెక్కేసే యూనిట్లు బ్యాటరీలోకి చేరినవాటికంటే కొంచెం ఎక్కువ ఉంటాయి. మార్గమధ్యంలో వేడిగా పోయింది, బ్యాటరీని చల్లబరచడానికి అయ్యింది, అన్నీ మన ఖాతాలోనే. నాకు సూర్యాపేటలో 13 యూనిట్లు ఎక్కితే బిల్లు 14కి వస్తుంది. యూనిట్ 22 చొప్పున మూడొందల చిల్లర.

అంటే డీసీ మీద తోలితే కిలోమీటరుకి మూడు రూపాయల పైన. ఇంట్లో అయితే, మీటర్ పై స్లాబుకి పోయి యూనిట్ పది పడినా, రూపాయిన్నర. లీటర్‌కి పదిహేను ఇచ్చే పెట్రోలు కారుకి హైదరాబాద్ రేటు మీద ఏడు పైనే. కాబట్టి డీసీ మెషిన్ అవసరానికి. రోజువారీ తిండి ఇంట్లోనే పెట్టండి. బిల్లు యాప్‌లోంచి డౌన్‌లోడ్ అవుతుంది. నాలాగా వ్యాపారం లెక్కలు రాసేవాళ్ళు ముందే ప్రొఫైల్‌లో జీఎస్టీ నంబర్ పెట్టుకునే వీలుందేమో చూసుకోండి.

రాత్రి అక్కడే ఉండిపోతే

మంగళగిరిలో రాత్రి ఆగితే నేను స్టేషన్‌కి పోను. లాడ్జి గది తీసుకునేటప్పుడే అడుగుతాను: పార్కింగ్ దగ్గర 15 ఆంప్స్ సాకెట్ ఉందా, అంటే ఏసీకి, గీజర్‌కి వాడే పెద్ద మూడు పిన్నులది. కారుతో ఇచ్చిన ఛార్జర్ దానికి పడుతుంది. రాత్రి తొమ్మిదికి పెడితే తెల్లారి ఏడుకి నాకు 30 నుంచి 90 దరిదాపులకి వస్తుంది. యూనిట్‌కి ఇంతని మాట్లాడుకుని, లాడ్జి వాళ్ళకి డబ్బు ముందే ఇచ్చేస్తాను, ఎవరి కరెంటూ ఊరికే వాడుకోను.

సాకెట్ ఉన్నా ఎర్తింగ్ లేకపోతే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగి, మొదలవ్వదు. పాత లాడ్జిల్లో ఇది చాలా మామూలు. పక్క సాకెట్‌కి మార్చి చూడండి. అక్కడా అంతే అయితే ఎలక్ట్రీషియన్ ఎవరో వచ్చి ఎర్త్ పిన్నుకి, న్యూట్రల్‌కి మధ్య ఒక వైరు ముక్క కలిపేస్తానంటాడు. లైటు పచ్చగా మారుతుంది కూడా. ఒప్పుకోకండి, కారు బాడీకి షాక్ కొట్టే ప్రమాదం ఉంది. సన్నటి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగి మేడ మీది గదిలోంచి వైరు దించే పని కూడా వద్దు. గంటల తరబడి ఆ కరెంటు పారితే ప్లగ్గు కరిగిపోతుంది. అలాంటి రాత్రి కారుని అలాగే వదిలేసి, పొద్దున్నే విజయవాడ దాటేలోపు ఏదో ఒక డీసీ మెషిన్ దగ్గర టిఫిన్‌కి ఆగుతాను. మిగిలిన 30 శాతం ఉంచుకునేది ఇలాంటి పొద్దుటికే.